జిట్సీయా, బిగ్‌బ్లూబటనా? సొంత సర్వర్ మీద తరగతులకు ఏది మేలు?

తెనాలిలో కూర్చుని అమెరికాలోని పిల్లలకు తెలుగు చెప్పే నలుగురు టీచర్ల కోసం రెండేళ్లుగా వీడియో సర్వర్ నడుపుతున్నాను. ముందు జిట్సీ పెట్టాం, తర్వాత బిగ్‌బ్లూబటన్‌కి మారాం. రెండూ వీడియో సమావేశాలు నడిపే సాఫ్ట్‌వేర్లే, రెండూ ఓపెన్ సోర్సే (కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు), రెండూ ఉచితమే, మరి ఏది పెట్టుకోవాలని చాలామంది అడుగుతున్నారు. ఫీచర్ల పట్టిక చూపిస్తే సరిపోతుందని నేననుకోను. మీ సమావేశంలో ఎవరు మాట్లాడతారు, ఎవరు వింటారు, తెల్లవారుజామున సర్వర్ ఆగిపోతే లేచి చూసేదెవరు? ఈ మూడూ తేలితే సగం పని అయినట్టే.

జిట్సీ వయసులో పెద్దది. 2003లో ఎమిల్ ఇవోవ్ స్ట్రాస్‌బర్గ్‌లో చదువుకుంటూ సిప్ కమ్యూనికేటర్ పేరుతో దాన్ని మొదలుపెట్టారు. 2011లో జిట్సీ అని పేరు మార్చారు. బల్గేరియన్ భాషలో ఆ మాటకు తీగలు అని అర్థం. 2015లో అట్లాసియన్ అనే కంపెనీ చేతికి, 2018లో ఎయిట్ బై ఎయిట్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. ఇద్దరు యజమానులు మారినా కోడ్ అందరికీ అందుబాటులోనే ఉండటం దీనిలో నాకు బాగా నచ్చిన సంగతి. అదే కంపెనీ నడిపే ఉచిత సర్వీసులో మాత్రం 2023 ఆగస్టు నుంచి గది తెరిచేవాళ్లు లాగిన్ కావాల్సి వస్తోంది. సొంత సర్వర్ మీద అలాంటి నిర్ణయాలు మన చేతిలో ఉంటాయి.

జిట్సీ పెట్టడం తేలిక. 4 ప్రాసెసర్ కోర్లు, 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ మీద ఒక సాయంత్రంలో నిలబెట్టాం. నేనూ ఒక టీచరూ మాట్లాడుకుని చూశాం, బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు తరగతిలో మూడో మనిషి రాగానే అందరి బొమ్మలూ నల్లగా అయిపోయాయి, గొంతులు ఆగిపోయాయి. ఆవిడ బయటికి వెళ్లిపోగానే మా ఇద్దరికీ మళ్లీ అంతా బాగైంది!

కారణం దొరకడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. గదిలో ఇద్దరే ఉంటే జిట్సీ వాళ్ల బ్రౌజర్లను నేరుగా కలుపుతుంది. మూడో మనిషి వస్తే వీడియో అంతా వీడియోబ్రిడ్జ్ అనే సర్వర్ భాగం మీదుగా వెళ్లాలి. దానికి యూడీపీ 10000 పోర్టు (నెట్ నుంచి సర్వర్‌లోకి వీడియో వచ్చే దారి) తెరిచి ఉండాలి, పైగా బయటి ప్రపంచానికి తన చిరునామా ఏమిటో ఆ బ్రిడ్జ్‌కి తెలియాలి. సర్వర్‌కి కాపలా కాసే మా ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు మూసి ఉంది. చిరునామా రాయాల్సిన ఫైలు వెతికితే దాని పేరు సిప్-కమ్యూనికేటర్.ప్రాపర్టీస్ అని ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా 2003 నాటి పేరు ఆ ఫైలుకి అలాగే ఉండటం చూసి ముచ్చటేసింది.

ఈ బ్రిడ్జ్ వీడియోలను కలిపి ఒక్కటి చేయదు, ఒక్కొక్కరి నుంచి వచ్చినదాన్ని మిగతావాళ్లకు అలాగే పంచుతుంది. అందుకే సర్వర్ ప్రాసెసర్ మీద బరువు తక్కువ, నెట్ మీద ఎక్కువ. ఒక్కొక్కరి వీడియో 1 ఎంబీపీఎస్ (సెకనుకి ఒక మెగాబిట్) అనుకుందాం. 20 మంది కెమెరాలు పెడితే సర్వర్ 20 వీడియోలను 19 మందికి చొప్పున, అంటే 380 ఎంబీపీఎస్ బయటికి పంపాలి. టీచర్ ఒక్కరే కెమెరా పెడితే 19 చాలు. జిట్సీ ఒకే వీడియోను రెండు మూడు నాణ్యతల్లో పంపించి చిన్న గడిలో కనిపించేవాళ్లకు చిన్నది ఇస్తుంది కాబట్టి అసలు లెక్క ఇంతకంటే తగ్గుతుంది. అయినా సర్వర్ అద్దెకు తీసుకునే ముందు ఈ గుణకారం వేసుకోండి.

బిగ్‌బ్లూబటన్ పుట్టిందే తరగతి గదికోసం. 2007లో కెనడాలోని ఒట్టావాలో, కార్ల్‌టన్ యూనివర్సిటీలో, దూరంగా ఉండే విద్యార్థులకు పాఠాలు చెప్పడానికి రిచర్డ్ ఆలం దాని తొలి కోడ్ రాశారు. మొదట్లో బ్రౌజర్లో విడిగా పెట్టుకోవాల్సిన ఫ్లాష్ అనే ప్లగిన్ మీద నడిచేది. తర్వాత మొత్తం క్లయింటును, అంటే వాడేవాళ్ల బ్రౌజర్లో నడిచే భాగాన్ని, హెచ్‌టీఎంఎల్5లో తిరగరాసి, 2021లో వచ్చిన 2.3 వెర్షన్‌తో ఫ్లాష్‌ను పూర్తిగా వదిలేశారు. ఆన్‌లైన్ పాఠాలు నడిపే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో, 2022లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి అది నేరుగా చేరిపోయింది కాబట్టి, మూడుల్ వాడే కాలేజీలకు పెద్దగా ఆలోచించే పని లేదు.

మేం మారింది మాత్రం ఒక్క అక్షరం వల్ల. ప, ఫ, ష. ఈ మూడింటికీ తేడా ఒక చిన్న గీత. జిట్సీలో టీచర్ స్క్రీన్ షేర్ చేసి రాస్తుంటే, నెట్ నెమ్మదించినప్పుడల్లా బొమ్మ మసకబారి ఆ గీత మాయమయ్యేది. ఒక పాప ఫలం అనే మాటను పలం అని రాసి పంపింది. తప్పు ఆ పాపది కాదు. ఆమెకు కనిపించింది అదే.

బిగ్‌బ్లూబటన్‌లో టీచర్ పీడీఎఫ్ ఎక్కిస్తే సర్వర్ దాన్ని పేజీలుగా విడదీసి పిల్లల బ్రౌజర్లకు పంపిస్తుంది. ఆ పేజీ మీద కలం కదిలితే వీడియో వెళ్లదు, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్న సమాచారమే వెళ్తుంది. పిల్లల వైపు బ్రౌజరే దాన్ని మళ్లీ గీస్తుంది. నెట్ నెమ్మదైతే గీత ఆలస్యంగా వస్తుంది కానీ, వచ్చినప్పుడు పదునుగా ఉంటుంది. లిపి నేర్పేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

రికార్డింగులోనూ ఇదే మేలు. జిట్సీలో జిబ్రీ అనే భాగం కనపడని తెర మీద క్రోమ్ తెరిచి, ఆ తెరను రికార్డు చేస్తుంది. ఒక్కో జిబ్రీ ఒక్క సమావేశానికే సరిపోతుంది. ఒకేసారి మూడు తరగతులంటే మూడు జిబ్రీలు కావాలి. బిగ్‌బ్లూబటన్ స్లైడ్లు, గొంతు, గీతలు విడివిడిగా దాచుకుని తరగతి అయ్యాక తీరిగ్గా కూర్చుతుంది. వీడియో మర్నాటికి అందినా మాకు ఇబ్బంది లేదు.

దీని బరువు కూడా చెప్పాలి. 8 కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉండాలంటారు, అది నిజంగానే కావాలి. వాళ్లు చెప్పిన ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టం) వెర్షనే పెట్టాలి, ఆ మెషీన్ మీద ఇంకేమీ నడపకూడదు. మా నెల అద్దె రెట్టింపైంది. కోడ్ మార్చాలనుకునేవాళ్లకు కొండే: గొంతుకి ఫ్రీస్విచ్, వీడియోకి మీడియాసూప్, మధ్యలో రెడిస్, స్కాలాలో రాసిన సర్వర్, ముందు రియాక్ట్. జిట్సీ కూడా తక్కువదేమీ కాదు, జావా, కోట్లిన్, లూవా, టైప్‌స్క్రిప్ట్ అన్నీ ఉన్నాయి. కానీ దాన్ని మన పేజీలో ఇరికించుకుని బటన్లు మార్చుకోవడం సులువు. గోప్యత విషయంలోనూ జిట్సీదే పైచేయి. 2020 నుంచి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మధ్యలో సర్వర్ కూడా చూడలేని రక్షణ) ఇస్తోంది, బిగ్‌బ్లూబటన్‌లో అది లేదు.

వీడియో సర్వర్ లోపల ఏం జరుగుతుందో నేర్చుకోవాలనే విద్యార్థులకు ఈ రెండూ వద్దంటాను. గాలెన్ చూడండి. పారిస్‌లో యూలియూష్ క్రోబోచెక్ 2020లో గో భాషలో రాసినది. సర్వర్ అంతా ఒకే ప్రోగ్రాం. మా దగ్గర ఇంజినీరింగ్ చదివే అబ్బాయి రెండు వారాల్లో దాని కోడ్ చదివి, వీడియో ముక్క (ప్యాకెట్) ఎటు నుంచి ఎటు వెళ్తోందో బోర్డు మీద గీసి చూపించాడు. పదిమంది పెద్దలు కలిసే మా నెలవారీ సమావేశం ఇప్పుడు దాని మీదే నడుస్తోంది.

కాబట్టి పాఠం చెప్పేవాళ్లు బిగ్‌బ్లూబటన్ పెట్టుకోండి, అద్దె భరించగలిగితేనే. మాట్లాడుకోవడానికైతే జిట్సీ. ఏది పెట్టినా తరగతికి ముందురోజు మూడు ఫోన్లు తీసుకోండి. ఒకటి వైఫై మీద, మిగతా రెండూ వేర్వేరు కంపెనీల సిమ్‌ల మీద. మూడు ఫోన్లతో ముగ్గురు ఒకే ఆన్‌లైన్ గదిలోకి వచ్చి, ఒకరి తర్వాత ఒకరు ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి.