కర్నూలులో అంతర్జాతీయ న్యాయం తరగతి: చేరదలచినవారి కోసం ఒక సమీక్ష

రాజవిహార్ సెంటరుకు దగ్గరలో ఉన్న ఒక శిక్షణ కేంద్రం ఆదివారాల్లో అంతర్జాతీయ న్యాయం, అంతర్జాతీయ సంబంధాలపై తెలుగులో తరగతులు నడుపుతోంది. సిలబస్ పూర్తయ్యేదాకా విన్నాక ఈ సమీక్ష రాస్తున్నాను. గ్రూప్-1, సివిల్స్ అభ్యర్థుల కోసం పెట్టిన తరగతే అయినా న్యాయశాస్త్రం చదివేవారు కూడా వస్తున్నారు. ఆదోని, డోన్, ఎమ్మిగనూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారికి ఈ సబ్జెక్టు తమ భాషలో వినే అవకాశం దొరకడమే పెద్ద మేలు.

ఈ సబ్జెక్టులో తత్త్వవేత్తల ఆదర్శాలను ఒక పాఠంగానూ, దేశాల ప్రవర్తనను మరో పాఠంగానూ విడగొట్టి చెప్పడం పరిపాటి. అలా చదివిన విద్యార్థి చివరకు బలవంతుడిదే రాజ్యమని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటాడు. ఇక్కడి అధ్యాపకుడు రెండింటినీ ఒకే కేసులో పక్కపక్కన పెట్టి చూపిస్తారు. శాశ్వత శాంతి గురించి జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1795లో రాసిన వ్యాసాన్ని ఉపన్యాసంగా కాక షరతుల పత్రంగా చదివించారు. భవిష్యత్ యుద్ధానికి రహస్యంగా చోటు ఉంచుకుని చేసిన సంధి సంధే కాదన్నది అందులో మొదటి షరతు. ఆ వెంటనే 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్‌లో బలప్రయోగాన్ని నిషేధించే 2(4) అధికరణాన్నీ, ఆత్మరక్షణ హక్కును గుర్తించే 51వ అధికరణాన్నీ ఎదురెదురుగా పెట్టి, రెండోదాని పేరు చెప్పి మొదటిదాన్ని ఎలా దాటేస్తారో వివరించారు.

నికరాగువా కేసు చెప్పిన పూట గుర్తుంచుకోదగినది. 1986 జూన్ 27న నికరాగువా ప్రభుత్వంపై పోరాడుతున్న తిరుగుబాటుదారులకు సాయపడటం వంటి అమెరికా చర్యలు చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పును పాటించాలన్న తీర్మానాన్ని అదే ఏడాది భద్రతా మండలిలో అమెరికాయే వీటో చేసింది. మామూలుగా పాఠం అక్కడితో ముగుస్తుంది. ఆయన మాత్రం బోర్డు తుడిచి, హరియాభంగా నది సముద్రంలో కలిసే చోటు గీసి, బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్ సముద్ర సరిహద్దు వివాదాన్ని అందుకున్నారు. వివాదంలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 చదరపు కిలోమీటర్లు బంగ్లాదేశ్‌కు చెందుతాయని 2014 జూలైలో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ తేల్చింది. పెద్ద దేశమైన భారత్ దాన్ని అంగీకరించింది. ఎందుకు అంగీకరించినట్టు అని ఆయన అడిగితే హాలులో చర్చ చాలాసేపు సాగింది. పొరుగుదేశంతో స్నేహం, చమురు అన్వేషణకు కావలసిన స్పష్టత, మాట నిలబెట్టుకునే దేశమన్న పేరు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. చట్టాన్ని పాటించడం కూడా ఒక ప్రయోజనమే కాగలదని, ఆదర్శానికీ స్వార్థానికీ మధ్య మనం గీసే గీత అంత నిటారుగా ఉండదని ఆ చర్చలో నాకు అర్థమైంది. 2016లో దక్షిణ చైనా సముద్రంపై వచ్చిన తీర్పును చైనా తోసిపుచ్చిన సంగతిని కూడా ఇదే వరుసలో చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. అది ఒక్క ముక్కలో ముగిసింది.

అమలు చేయించే బలం లేని ఒప్పందం వల్ల ఏం లాభమని ఒక విద్యార్థి అడిగితే ఆయన శ్రీబాగ్ ఒప్పందాన్ని గుర్తుచేశారు. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ పెద్దమనుషుల మధ్య కుదిరిన ఆ మాటకు వెనుక ఏ న్యాయస్థానమూ లేదు. అయినా 1953లో కర్నూలు రాజధాని కావడానికి ఆధారమైంది అదే, రాయలసీమ నీటి వాటా కోసం నేటికీ జనం చూపించే కాగితమూ అదే. రాయలసీమ విద్యార్థికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

లోపాలూ ఉన్నాయి. తరగతిలో ఇంత సూక్ష్మంగా చెప్పిన విషయాలను అచ్చు నోట్సు పూర్తిగా చెడగొట్టింది. అందులో భారత్, చైనాల పంచశీల ఒప్పందం అంటే 1954 ఏప్రిల్ 29, దాని పక్కనే ఆ రెండు దేశాల 1962 యుద్ధం, అంతే. ఆ ఎనిమిదేళ్లలో ఏం జరిగిందో ఒక్క వాక్యమూ లేదు. 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందానికి ఒక పేరా దక్కింది. పాకిస్తాన్ మరణశిక్ష వేసిన భారతీయుడు కుల్‌భూషణ్ జాదవ్ కేసులో 2019లో అంతర్జాతీయ న్యాయస్థానంలో 15-1 తేడాతో తీర్పు వచ్చిందని రాశారు గానీ, అది కాన్సులర్ సంబంధాలపై 1963 నాటి వియన్నా ఒప్పందంలో, పరాయి దేశంలో నిర్బంధంలో ఉన్నవారిని సొంత దేశ ప్రతినిధులు కలిసే హక్కును చెప్పే 36వ అధికరణం మీద ఆధారపడిందన్న అసలు విషయం వదిలేశారు. పరీక్షలో మార్కులు తెచ్చేది ఆ వివరమే. రాసి ఇచ్చిన జవాబులు ఆలస్యంగా, పైన అంకె తప్ప మరే వ్యాఖ్యా లేకుండా తిరిగి వస్తున్నాయి. దూరం నుంచి డబ్బు ఖర్చుపెట్టుకుని వచ్చే పిల్లలకు ఇది అన్యాయం. నిర్వాహకులు వెంటనే సరిదిద్దాలి.

హాలు ఇరుకు, వేసవిలో ఉక్క. వెనుక వరుసలకు మాట సరిగా వినిపించదు. ముందుగా వెళ్లి కూర్చోవడం మంచిది. నోట్సు కోసం విడిగా అడిగే రుసుము కట్టనవసరం లేదు. చార్టర్ పూర్తి ప్రతి, అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పులు వాటి అధికారిక వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. చార్టర్‌లోని 2, 27 (వీటోకు ఆధారమైనది), 51 అధికరణాలను ప్రింటు తీసుకుని తరగతికి వెళ్లండి, ఆయన చెప్పేటప్పుడు అంచుల్లో రాసుకోండి. బోధన కోసమైతే చేరమనే చెబుతాను. జవాబులు దిద్దించుకోవడం కోసమైతే ప్రస్తుతానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి.