మార్బుల్ మీద చుక్క వేసి "నురుగు చూడండి" అనే క్లీనింగ్ వాళ్ళతో జాగ్రత్త

ఇంటికి డీప్ క్లీనింగ్ చేయించుకోబోయేవాళ్ళు, ముఖ్యంగా మార్బుల్ గానీ నాపరాయి గానీ ఉన్నవాళ్ళు, ఎవరినైనా లోపలికి రానిచ్చే ముందు ఇది చదవండి. సగం రేటుకే చేస్తామంటూ ఇంటింటికీ తిరుగుతున్నవాళ్ళు ఎవరో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పేరు రాయను. మా ఇంటికీ ఫ్రీ ఇన్‌స్పెక్షన్ అని వచ్చి వెళ్ళారు. హాల్లో తుడిస్తే పోని మచ్చ మిగిలింది. మచ్చ చేసింది వాళ్ళు, నింద మాత్రం పాత క్లీనింగ్ వాళ్ళ మీద. కడుపు మండుతోంది అందుకే.

వాళ్ళు వచ్చాక అడిగే మొదటి ప్రశ్న "ఇప్పుడు మీకు ఎవరు చేస్తున్నారు? ఎంత తీసుకుంటున్నారు?" అని. ఫ్యాన్లు చూడరు, కిటికీల ట్రాకులు చూడరు, కిచెన్ చిమ్నీ వైపు తిరగరు. నేరుగా నేల మీదకే వంగుతారు. జేబులోంచి లేబుల్ లేని చిన్న డ్రాపర్ సీసా తీసి, అందరికీ కనిపించేలా నడుమనే ఒక పలక మీద రెండు చుక్కలు వేస్తారు. చుక్క పడీ పడగానే చుట్టూ సన్నటి బుడగలు లేచి, తెల్లటి నురుగు బుసబుసమని పొంగుతుంది. అప్పుడు తల ఎత్తి, "చూశారా సార్, ఎలా పొంగుతోందో! ఇన్నాళ్ళూ సబ్బు సరిగ్గా కడక్కుండా వదిలేశారు మీవాళ్ళు. ఇదంతా మీ పిల్లల కాళ్ళకి అంటుకునేదే" అంటారు. ఆ మాట పూర్తయ్యేలోపు గుడ్డతో తుడిచేస్తారు. మీ కళ్ళు నురుగు మీద ఉంటాయి, భయం పిల్లల మీద ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో రేటు చెబుతారు.

ఆ సీసాలో ఉన్నది ఆమ్లం. బాత్రూమ్ యాసిడ్‌గా దొరికే హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావచ్చు, ఇంకోటి కావచ్చు. మార్బుల్ అంటే చాలావరకు కాల్షియం కార్బొనేట్. నాపరాయీ అంతే. దాని మీద ఆమ్లం పడితే రాయి కరిగి కార్బన్ డయాక్సైడ్ వాయువు బయటికి వస్తుంది. మీరు చూస్తున్న బుడగలు అవే. రోజుకు నాలుగుసార్లు మంచినీళ్ళతో కడిగిన మార్బుల్ మీద వేసినా అలాగే పొంగుతుంది. గ్రానైట్ మీద ఈ ప్రదర్శన నడవదు, ఎందుకంటే దాంట్లో ఎక్కువ భాగం క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు, అవి ఆమ్లానికి ఇలా పొంగవు. విట్రిఫైడ్ టైల్ మీద కూడా నడవదు. అందుకే టైల్స్ ఉన్న ఇంట్లో చుక్కని టైల్ మీద వెయ్యరు, రెండు టైల్స్ మధ్య సందులో వేస్తారు. అక్కడున్నది సిమెంటు, అదీ ఆమ్లానికి పొంగుతుంది. ఎక్కడ వెయ్యాలో తెలిసి వేస్తున్నారంటే, ఎందుకు పొంగుతుందో కూడా తెలిసే చేస్తున్నారని అర్థం. తెలియక చేశారేమో అని సర్దుకుపోవడానికి ఇక్కడ చోటు లేదు.

పైగా సబ్బు మిగిలితే ఆమ్లానికి నురుగు రాదు. మామూలు సబ్బు నీళ్ళలో ఆమ్లం కలిపి చూడండి, ఉన్న నురుగు కూడా చచ్చి పైన తెల్లటి జిడ్డు తేలుతుంది. ఒక్కటి మాత్రం ఉంది. ఎవరైనా వాషింగ్ సోడాతో గానీ వంటసోడాతో గానీ నేల తుడిచి కడక్కుండా వదిలేస్తే, ఆ పొడి ఆమ్లానికి పొంగుతుంది. ఇది వాళ్ళు వాదనగా తెచ్చేలోపు మీరే తేల్చుకోవచ్చు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన మార్బుల్ ముక్క ఒకటి మేడ మీదో మెట్ల కిందో పడి ఉంటుంది. ఎప్పుడూ ఏ మాప్ తగలని ముక్క. దాన్ని కడిగి ఆరబెట్టి, బయట పెట్టి, "మీ చుక్క దీని మీద వెయ్యండి" అనండి. అదీ పొంగితే పొంగుతున్నది రాయి, పాతవాళ్ళు వదిలేసిన సబ్బు కాదు. దాని మీద వెయ్యడానికి ఒప్పుకోకపోతే గుమ్మం చూపించండి. ఇంట్లో నేల మీద మాత్రం ఆ చుక్క వెయ్యనివ్వకండి, ఏ మూలనైనా సరే.

నిజంగా సబ్బు మిగిలిందో లేదో చూడటానికి ఆమ్లం అక్కర్లేదు. శుభ్రమైన తెల్లగుడ్డని మంచినీళ్ళలో తడిపి పిండి, ఒక పలకంతా గట్టిగా రుద్ది, ఆ గుడ్డని గ్లాసుడు నీళ్ళలో జాడించి కలియబెట్టండి. నురుగు నిలబడితే సబ్బు ఉన్నట్టే. తడిసినప్పుడు నేల జారుగా ఉండటం, ఆరాక కాలి ముద్రలు కనపడటం, తుడిచిన మర్నాటికే మురికి పట్టడం కూడా దాని గుర్తులే. నేల తుడిచే మందు మోతాదు ఎక్కువై, రెండోసారి ఉత్త నీళ్ళతో తుడవకపోతే ఇలా అవుతుంది. అలా జరిగిందని పరీక్షించి చూపించి, మేం సరిచేస్తాం అంటే అది న్యాయమైన మాట. అలాంటి పోటీకి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇప్పుడు మచ్చ సంగతి. చుక్క పడ్డచోట పాలిష్ పోయి గుండ్రంగా, మసకగా ఒక గుర్తు మిగులుతుంది. పైనుంచి చూస్తే కనపడకపోవచ్చు. సాయంత్రం కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు, వంగి చూస్తే తేలిపోతుంది. ఇది అంటుకున్న మరక కాదు, రాయి పై పొర తినేసిన గుంట. ఏ లిక్విడ్‌తో రుద్దినా పోదు. నిమ్మకాయతోనో వెనిగర్‌తోనో రుద్దితే ఇంకా పెరుగుతుంది, అవీ ఆమ్లాలే. పోగొట్టాలంటే పాలిషింగ్ ఒక్కటే దారి. డైమండ్ ప్యాడ్లతో (రాయిని అరగదీసే ప్యాడ్లు, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) 400, 800, 1500, 3000 అంటూ నంబరు పెంచుకుంటూ నీళ్ళతో తిప్పి, చివర పౌడర్‌తో మెరుపు తేవాలి. ఏ నంబరు దగ్గర మొదలుపెట్టాలన్నది గుంట లోతుని బట్టి ఉంటుంది. ఆ ఒక్క చోటే పాలిష్ చేస్తే మిగతా పలకతో మెరుపు కలవదు, కనీసం పలకంతా చెయ్యాలి. పాత నేల అయితే పక్క పలకలకీ తేడా తెలుస్తుంది. రెండు చుక్కల ఆమ్లానికి అయ్యే ఖర్చు ఇది. ఇదే మనుషులు మర్నాడు ఫోన్ చేసి "మార్బుల్ పాలిషింగ్ కూడా చేస్తాం సార్" అంటారు!

బాత్రూమ్‌లో ఈ ఆట ఇంకా ప్రమాదం. అంతకుముందు ఎవరైనా బ్లీచ్ వాడి ఉంటే, దాని మీద ఆమ్లం పడగానే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన గదిలో అది ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది. ఘాటు వాసన, కళ్ళు మండటం, దగ్గు మొదలైతే గుడ్డ కూడా ముట్టుకోకుండా బయటికి రావాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళని ముందు పంపండి. "మా మందు స్ట్రాంగ్ సార్, అందుకే ఆ వాసన" అంటే నమ్మకండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరికి పక్కనున్న స్టీలు కుళాయిలకీ, డ్రైన్ జాలీలకీ తుప్పు మచ్చలు పడతాయి. అవీ పాతవాళ్ళ ఖాతాలోకే పోతాయి.

సోఫాలకీ కార్పెట్లకీ ఇలాంటిదే ఇంకో ప్రదర్శన ఉంది. వ్యాక్యూమ్ గొట్టానికి నల్లగుడ్డ తగిలించి, మీ పాతవాళ్ళు శుభ్రం చేసిన కార్పెట్ మీదే తిప్పి, గుడ్డ మీద పడ్డ బూడిదరంగు దుమ్ము చూపిస్తారు. వాడుకలో ఉన్న ఏ కార్పెట్ అయినా, ఎన్నిసార్లు లాగినా ఎంతో కొంత దుమ్ము వదులుతూనే ఉంటుంది. వాళ్ళు శుభ్రం చేశాక అదే చోట కొత్త గుడ్డ పెట్టి మళ్ళీ తిప్పమనండి.

రేటు గురించి ఒక మాట. క్లీనింగ్ పనిలో పెద్ద ఖర్చు మనుషులది. చెప్పిన మొత్తంలోంచి మందులకీ, రానుపోనూ ఖర్చులకీ కొంత తీసేసి, మిగిలినదాన్ని మనుషుల సంఖ్యని గంటలతో హెచ్చవేసి భాగించండి. నలుగురు ఆరు గంటలు చేస్తారంటే 24 గంటల పని. గంటకి వచ్చే డబ్బు మామూలు కూలి కంటే బాగా తక్కువైతే మూడింట్లో ఒకటి ఖాయం: నలుగురి బదులు ఇద్దరు వస్తారు, లేదా వచ్చినవాళ్ళకి కూలి ఎగ్గొడతారు, లేదా సగం పనిలో ఆపి "ఇది ప్యాకేజీలో లేదు" అంటూ మిగతాది పిండుతారు. గంటలు తగ్గించేవాళ్ళకి రుద్దే టైమ్ ఉండదు. అందుకే ఆమ్లం పోస్తారు, బాత్రూమ్ తుడిచిన మాప్‌నే వంటింట్లోకి తెస్తారు. తక్కువ రేటు తప్పు కాదు, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు లాభం తగ్గించుకుని ఇస్తారు కూడా. అవతలివాళ్ళ పని మీద అబద్ధం చెప్పి, ఆ అబద్ధం కోసం నా నేల పాడుచెయ్యడం తప్పు. ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద కూర్చుని అదే మార్బుల్‌ని న్యూట్రల్ లిక్విడ్‌తో, అంటే ఆమ్లమూ క్షారమూ కాని మందుతో, జాగ్రత్తగా తుడిచిన మనిషి, రెండు చుక్కల నురుగు వల్ల దొంగ అయిపోతోంది. చాలా ఇళ్ళలో ఆవిడ మాట వినే అవకాశం కూడా ఇవ్వరు.

ఇంకో రకం వాళ్ళు "నేను మీ పాత కంపెనీలోనే చేశాను, ఇప్పుడు విడిగా చేస్తున్నా" అని ఫోన్ చేస్తారు. సొంతంగా పెట్టుకోవడంలో తప్పేం లేదు. కానీ మీ నంబరు, మీ ఇంట్లో ఏ రోజు ఎవరూ ఉండరన్నది, స్పేర్ తాళం ఎక్కడ పెడతారన్నది పాత కంపెనీ కస్టమర్ల జాబితాతో పాటే బయటికి వచ్చిందన్నమాట. తాళం చోటు ఆ రోజే మార్చండి, పాత కంపెనీకి చెప్పండి.

పాతవాళ్ళ పేరు, రేటు ఎవరికీ చెప్పకండి, పని ఇదీ, మీ రేటు చెప్పండి అంతే. లేబుల్ లేని సీసా లోపలికి రానివ్వకండి. ఏ గదులు, ఎంతమంది, ఎన్ని గంటలు, ఏ మందు అన్నది మెసేజ్‌లో రాయించుకోండి. ఇప్పటికే చుక్క పడి ఉంటే రుద్దకండి, ఎక్కువ నీళ్ళు పోసి ఎత్తేసి, వంటసోడా కలిపిన నీళ్ళతో ఒకసారి, మళ్ళీ మంచినీళ్ళతో ఒకసారి తుడవండి. పాలిష్ వాళ్ళు ముట్టుకునేలోపే టార్చ్ ఏటవాలుగా పట్టి, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసుకోండి.