కుప్ప ఎత్తుతారు సరే, పోసినవాళ్ల సంగతేంటి? మూడేళ్లు వాడాక నా అనుభవం

మా మున్సిపాలిటీ ఫిర్యాదుల యాప్‌ను మూడేళ్లుగా వాడుతున్నాను. ఫొటో ఎలా పెట్టాలో, లొకేషన్ ఎలా పంపాలో అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి వెళ్లను. నా బాధంతా ఒక్కటే. కుప్ప ఎత్తగానే ఫిర్యాదును 'పరిష్కరించబడింది' అని మూసేస్తారు. 'చెత్త తీయలేదు' అని చెప్పడానికి ఆప్షన్ ఉంది, 'ఎవరో తెచ్చి పోస్తున్నారు' అని చెప్పడానికి లేదు.

మా వీధి చివర పంట కాలువ గట్టు. రాత్రి పదకొండు దాటాక ట్రాక్టర్ వచ్చి ఇళ్లు పడగొట్టిన రబ్బిష్ కుమ్మరించి పోతుంది. తెల్లారేసరికి దాని మీద కొబ్బరి బొండాలు, కోడి ఈకల సంచులు చేరతాయి. నేను ఫొటో పెడితే రెండు మూడు రోజుల్లో జేసీబీ వచ్చి ఎత్తేది. మొదటి ఏడాది ఎంత సంబరపడ్డానంటే, వీధిలో పది మంది ఫోన్లలో ఈ యాప్ నేనే వేయించాను. తర్వాత ఒకరోజు పాత ఫిర్యాదులన్నీ తీసి చూస్తే, అదే గట్టు మీద 14 ఉన్నాయి. పద్నాలుగూ పరిష్కారమైనట్టే ఉంది!

ఒక్కసారి మాత్రం వేరేగా జరిగింది. కిందటి సెప్టెంబరులో శానిటరీ ఇన్‌స్పెక్టర్ స్వయంగా వచ్చారు. కర్రతో కుప్ప కెలికి, టైల్స్ అట్టపెట్టె ఒకటి బయటికి లాగారు. దాని మీద డెలివరీ చీటీ అతికించి ఉంది. "ఇది చాలు మేడం" అని నేరుగా ఆ అడ్రసుకు నడిచారు. మూడు వీధుల అవతలే. నేనూ వెంట వెళ్లాను. ఇంటాయన "ట్రాక్టర్ వాడికి డబ్బులిచ్చానండీ, ఎక్కడ పోశాడో నాకేం తెలుసు" అన్నారు. "రబ్బిష్ మీదైతే బాధ్యతా మీదేనండీ" అన్నారు ఇన్‌స్పెక్టర్, గొంతు పెంచకుండా. భవన శిథిలాల మీద 2016లో వచ్చిన నిబంధనలు చెప్పిందీ అదే. వెయ్యి రూపాయల జరిమానా రసీదు రాసి, సాయంత్రంలోగా ఇంటాయన ఖర్చుతోనే ఎత్తించారు. పారిశుద్ధ్య సిబ్బంది ఆ చోట సున్నంతో ముగ్గు వేశారు. సంక్రాంతి దాకా అక్కడ ఒక్క సంచీ పడలేదు. ఆ నాలుగు నెలలూ పొద్దున్నే గట్టు మీద నడుస్తుంటే ఎంత హాయిగా ఉండేదో!

ఫిబ్రవరిలో ఆ ఇన్‌స్పెక్టర్‌కు బదిలీ అయింది. మార్చిలో ట్రాక్టర్ మళ్లీ వచ్చింది.

అప్పుడు నేను పొగిడిన జరిమానా గురించి కూడా ఒక మాట చెప్పాలి. మొన్న మా బాత్రూమ్ పగలగొట్టించినప్పుడు, రబ్బిష్ ఊరి బయటికి తీసుకెళ్లడానికి ట్రిప్పుకు 1,800 అడిగారు. రాత్రిపూట గట్టు మీద పోసి, ఎప్పుడో ఒకసారి పట్టుబడితే వెయ్యి కట్టడమే చవకన్నమాట. పోనీ ఎక్కడికి పంపాలి? హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడలో శిథిలాలను రీసైకిల్ చేసే ప్లాంట్లున్నాయి. మా ఊళ్లో వార్డు శానిటేషన్ సెక్రటరీని అడిగితే, "పల్లం స్థలం నింపుకునేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్తాను మేడం" అన్నాడు పాపం. అతని చేతిలో ఏముంది? పదకొండు రోజులు బస్తాలు మా గుమ్మం ముందే ఉన్నాయి. ఆ రోజుల్లో ట్రాక్టర్ వాళ్ల మీద నా కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు.

యాప్ తీసేయమని మాత్రం చెప్పను. డ్రైను పూడినా, కుక్క చచ్చి పడినా, బండి రాకపోయినా పని జరుగుతుంది. నేను రిటైరయ్యాను, మా ఇల్లు చివరిది, బాల్కనీలోంచి గట్టు కనిపిస్తుంది కాబట్టి వెంటపడగలుగుతున్నాను. ఉద్యోగాలకు పోయేవాళ్లకు ఇంత ఓపిక సాధ్యమో కాదో చెప్పలేను. పోసినవాళ్లను పట్టించాలనుకుంటే మాత్రం యాప్‌లో పెట్టి ఊరుకోకండి. కుప్పలో చీటీ ఏదైనా దొరికితే ఫొటో తీసి, ఇన్‌స్పెక్టర్‌కు చేతికివ్వండి.

పోయిన వారం నాకు మళ్లీ ఒక సిమెంటు బస్తాలో షాపు బిల్లు దొరికింది. కొత్త ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చి వచ్చాను. సోమవారం రమ్మన్నారు.