బడికి చెక్క ర్యాకులు చేయిస్తున్నారా? మైకా అంటించకముందే వెళ్లి చూడండి

గోదావరి జిల్లాలో ఓ ప్రాథమిక పాఠశాల టీచర్ని. పూర్వ విద్యార్థులు పోగుచేసి ఇచ్చిన డబ్బుతో పోయిన వేసవిలో రెండు తరగతి గదులకు నాలుగు చెక్క ర్యాకులు చేయించాం. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఐదేసి అరలు. 44 వేలకు మాట్లాడుకుని 36 వేలు ముందే చేతిలో పెట్టేశాం. బుద్ధి తక్కువ పని.

షాపతను చూపించిన శాంపిల్ ముక్క నిక్షేపంగా ఉంది. తెల్లకాగితం మీద ‘19 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లై’ అని రాసిచ్చాడు. బిల్లు అడిగితే “జీఎస్టీ పడుద్ది కదండీ మేడంగారూ” అన్నాడు. మేమూ ఊరుకున్నాం. జూన్‌లో బడి తెరిచేనాటికి సామాను దిగింది. రెండు వైపులా మైకా (చెక్క కనపడకుండా పైన అంటించే పల్చటి షీటు), అంచులకు బీడింగు పట్టీ, చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి.

ఆగస్టుకల్లా పుస్తకాల బరువుకు అరలు మధ్యలో కుంగిపోయాయి. గది రోజూ తడిగుడ్డ పెట్టి తుడుస్తారు కదా, కింది అర టీలో ముంచిన బన్నులా ఉబ్బింది. ఉబ్బినచోట బీడింగుని తాళంచెవితో లేపి చూశాను. ప్లై పొరలు లేవు. అదిమి అతికించిన రంపప్పొట్టు, గోటితో గిల్లితే ఉప్మారవ్వలా రాలింది. నిలువు చెక్కలొక్కటే ప్లై, అరలన్నీ పార్టికల్ బోర్డు! ఫోన్ చేస్తే “వాటర్‌ప్రూఫ్ అంటే నీళ్లు పొయ్యమని కాదండీ” అన్నాడు.

డబ్బు సంగతి అలా ఉంచండి. రెండో తరగతి పిల్లాడు బంతి కోసం కింది అర మీద కాలేసి ఎక్కబోతే ర్యాకు మొత్తం ముందుకు ఒరిగింది. ఎదురుగా బెంచీ ఉంది కాబట్టి దానికి ఆనుకుని ఆగింది. గోడకు ఒక్క క్లాంపు కూడా కొట్టలేదు. మేం అడగనూ లేదు. పైన రెండు క్లాంపులు గోడకు బిగించేదాకా మీ గదిలోకి పిల్లల్ని రానివ్వకండి.

షీట్లు కోయకముందే షాపుకు వెళ్లండి. ఎనిమిది బై నాలుగు షీటు మీద ఐఎస్ఐ ముద్ర ఉంటుంది. మామూలు ప్లైకి ఐఎస్ 303, మెరైన్ అని చెప్పి అమ్మేదానికి ఐఎస్ 710. ముద్ర దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరుంటుంది. దాన్ని, ఐఎస్ఐ ముద్రకు లైసెన్సులిచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే ఎవరి లైసెన్సో వస్తుంది. షీటు మీద పేరూ అదీ ఒకటి కాకపోతే వెనక్కి వచ్చేయండి. మైకా వేశాక లోపలేముందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

అర పొడవు కూడా చూసుకోండి. అడుగుకు అంతే బరువు పెట్టినా, పొడవు రెట్టింపైతే కుంగడం పదహారు రెట్లవుతుంది. ఈ లెక్క మా హైస్కూలు మాస్టారు చెప్పారు, అన్నీ అయిపోయాక! నాలుగడుగుల అరకు మధ్యలో నిలువు చెక్క ఒకటి వేయించుకోవాల్సింది.

ఇప్పుడు మా ఊరి వడ్రంగి రెండు ర్యాకులకు అరలు మార్చి, మధ్యలో నిలువు చెక్కలేసి, కింద మూడంగుళాల కాళ్లు పెట్టి గోడకు బిగించాడు. మిగతా రెండూ వరండాలో పడున్నాయి. బాకీ ఎనిమిది వేల కోసం షాపతను వారం వారం ఫోన్ చేస్తున్నాడు. వచ్చి ఆ రెండూ పట్టుకెళ్లమన్నాను. ఆటో కిరాయి మేమే పెట్టుకోవాలట.