సీరియల్ రచనలో శిక్షణ: 8 ఆదివారాలు, 15,000 రూపాయలు

హనుమకొండలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. నాలుగైదు కథలు అచ్చయ్యాయి. టీవీ సీరియల్ రాయడం నేర్పుతామన్న ప్రకటన చూసి చేరాను. ఆదివారం చీకటితోనే బస్సెక్కి, ఉప్పల్‌లో దిగి, మెట్రోలో యూసుఫ్‌గూడ చేరేదాన్ని. సంస్థ పేరు చెప్పను. ఇలాంటి చోట ఫీజు కట్టే ముందు ఏం అడగాలో తెలిస్తే చాలు.

మొదటి మూడు వారాలు దండగ. హాలీవుడ్ సినిమాలు చూపించి మూడంకాల నిర్మాణం అన్నారు: మొదలు, మధ్య, ముగింపు. సీరియల్‌కు మూడో అంకం ఎక్కడుంటుందండీ? జనం చూస్తున్నంతకాలం రెండో అంకమే.

నాలుగో వారం ఒక డైలాగ్ రైటర్ వచ్చారు. రోజూ రాసే మనిషి. మా సీన్లు చదవమన్నారు. నాది అక్కాచెల్లెళ్ల గొడవ. చెల్లెలు అంటుంది: “నాన్న పోయిన నాటి నుంచి నువ్వు ఈ ఇంటికి చేసిన సేవను నేను కాదనలేదు గాని, దాన్ని అడ్డం పెట్టుకుని నా పెళ్లిని ఆపే హక్కు నీకు లేదు.”

ఆయన ఒక అమ్మాయిని నిలబెట్టి, తాను పక్కకు జరిగి ఆ మాట అందించారు. “కాదనలేదు గాని” దగ్గర ఆ అమ్మాయి ఆగిపోయింది. “సెట్లో చాలామందికి ఇలా ప్రాంప్టింగే. తెలుగు రాని నటులూ ఉంటారు. ఒక ఊపిరికి ఒక ముక్క ఇవ్వండి మేడమ్” అన్నారు. పెన్సిల్ తీసి కొట్టేసి రాశారు: “నాన్న పోయాక ఇల్లు నువ్వే చూశావు. కాదనను. నా పెళ్లి ఆపడానికి నువ్వెవరు?”

ఇరవై ఏళ్లుగా పిల్లలకు సంశ్లిష్ట వాక్యాలు నేర్పుతున్నదాన్ని. కాస్త గుచ్చుకుంది. కానీ మూడో ముక్క వినగానే గదిలో అందరూ తలెత్తారు.

ఆ సీను నేను వానలో, బస్టాండులో పెట్టాను. దాన్ని హాల్లోకి తెచ్చారు. ఒక్క సీను కోసం యూనిట్ మొత్తం కదిలితే సగం రోజు పోతుందట. అక్క పాత్రధారికి కాల్షీట్ దొరకని రోజున ఏం చేస్తారని అడిగారు. నేను తెల్లమొహం వేశాను. కథలో ఆ అక్కను ఊరికి పంపాలి, లేదా ఫోన్లో మాట్లాడించాలి. రాయడంలో సగం ఇదేనట. ఇంకో మాట కూడా చెప్పారు: సీరియల్‌ను చూసేవాళ్లెంతమందో వినేవాళ్లూ అంతమంది. చెయ్యి కూర మీద, చెవి టీవీ మీద. కాబట్టి సీను మొదట్లోనే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో పేరు పెట్టి పిలిపించాలి.

డబ్బు సంగతులకు కేటాయించింది ఒక్క గంట. నాకైతే ఒక రోజంతా కావాలనిపించింది. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు వేరువేరు పనులు, వేరువేరు బేరాలు. మాటలకు లెక్క ఎపిసోడ్‌కు ఇంత అని. హక్కుల బదిలీ కాగితం మీద ఉంటేనే చెల్లుతుందని, గడువు రాయకపోతే 5 ఏళ్లుగానే లెక్కిస్తారని కాపీరైట్ చట్టం 19వ సెక్షన్‌లో ఉంది. 2012 సవరణ రాయల్టీ వాటా గురించి కూడా మాట్లాడుతుంది. ఆ పేజీలు పంచిపెట్టారు, జాగ్రత్త చేసుకున్నాను.

వారం తిరగకుండానే పనికొచ్చాయి. చివరి ఆదివారం “ఛానెల్ పరిచయం” అని ప్రకటనలో పెద్దక్షరాల్లో వేశారు. వచ్చినాయన అరగంట ఉండి, ఫొటో దిగి, మా కథాంశాలు తలా ఒక పేజీ రాసివ్వమన్నారు. రసీదు ఇస్తారా అని అడిగాను. నవ్వారు. నేను ఇవ్వలేదు. పద్నాలుగు మందిలో పన్నెండు మంది ఇచ్చేశారు. లామినేషన్ చేసిన సర్టిఫికెట్ మాత్రం అందరికీ వచ్చింది.

చేరాలా అంటే, బోధించేవారిలో ఇప్పుడు సీరియల్‌కు రాస్తున్నవారెవరో, వారు ఎన్ని వారాలు వస్తారో ముందే అడగండి. మా దగ్గర రెండే వారాలు. ఆ రెండిటికీ పదిహేను వేలు ఎక్కువే. అయినా ఆ రెండూ లేకపోతే నేను ఇంకా వానలో బస్టాండులోనే ఉండేదాన్ని.

నిన్న కొత్త సీను రాసి, చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తయ్యకు చదివి వినిపించాను. తల ఎత్తకుండానే అడిగింది: “ఇంతకీ ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతోంది?”