త్రిఫల: పొడి డబ్బా, మాత్రల సీసా, కాయల ప్యాకెట్

ఏది బాగుందో ముందే చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. త్రిఫల, అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరి కలిపిన మందు, వాడాలనుకుంటే ఎండు కాయలు తెచ్చుకుని ఇంట్లో దంచుకున్న పొడే నాకు నచ్చింది. రెడీమేడ్ పొడి పర్వాలేదు. మాత్రలు మాత్రం మళ్లీ కొనను. కాయలతో చాకిరీ ఉంది, మిక్సీకి గండం ఉంది, ఇంట్లోవాళ్ల సణుగుడు ఉంది. అయినా సరే.

నాది అకౌంట్స్ పని. మార్చి వచ్చిందంటే కుర్చీలోంచి లేవడం ఉండదు. నీళ్లు తాగడం గుర్తుండదు, భోజనం వేళ తప్పుతుంది, దానికి తోడు టెన్షన్. వీటన్నిటి ఫలితం పొద్దున్నే తెలుస్తుంది: మలబద్ధకం. ఆ బాధ పడేవాళ్లకు వివరించక్కర్లేదు, పడనివాళ్లకు వివరించినా అర్థం కాదు. అందుకే మూడు రకాల త్రిఫలనూ, మూడు వేర్వేరు కంపెనీలవి, తెప్పించి వాడి చూశాను. ఏ కంపెనీదీ పేరు రాయడం లేదు. నేను చెప్పేది కంపెనీల గురించి కాదు, ఏ రూపంలో కొంటే ఏం దొరుకుతుందన్న దాని గురించి.

కాయల ప్యాకెట్‌తో మొదలుపెడతాను, అసలు కథంతా అందులోనే ఉంది. విప్పగానే మూడు చిన్న సంచులు. కరక్కాయలు పసుపు కలిసిన గోధుమ రంగులో, నిలువునా గట్లు తేలి, గట్టిగా ఉన్నాయి. తానికాయలు గుండ్రంగా, బూడిద రంగులో, పైన సన్నటి నూగుతో ఉన్నాయి. ఉసిరి మాత్రం గింజ తీసి ఎండబెట్టిన నల్లటి ముక్కలుగా వచ్చింది. ఒక ముక్క నోట్లో వేసుకుంటే ముందు పులుపు, తర్వాత వగరు, ఆ మీద మంచినీళ్లు తాగితే తీపి. ఈ ఒక్క మాయ చాలు ఉసిరిని క్షమించేయడానికి.

మంచి కరక్కాయ ఎలా ఉండాలో భావప్రకాశం అనే పాత ఆయుర్వేద గ్రంథంలో స్పష్టంగా ఉంది. కొత్తదై, నున్నగా, గట్టిగా, బరువుగా ఉండాలి, నీళ్లలో వేస్తే మునగాలి. ఈ పరీక్ష చెయ్యడానికి ల్యాబ్ అక్కర్లేదు, ఒక గిన్నెడు నీళ్లు చాలు. వేసి చూశాను. చాలావరకు బుడుంగున మునిగాయి. కొన్ని తేలాయి. తేలినవాటిని పట్టుకుని చూస్తే తొడిమ దగ్గర సూది మొనంత రంధ్రం కనిపించింది. పగలగొడితే లోపల పురుగు తొలిచిన పొడి. పొడి డబ్బా కొనేవాళ్లకు ఈ అవకాశం లేదు. పురుగు పట్టిన కాయ కూడా అందులో కలిసి నలిగిపోయిందో లేదో దేవుడికే తెలియాలి. నీళ్లలో వేసిన కాయల్ని తుడిచి, మళ్లీ ఎండలో పెట్టాకే దంచాను. తడి ఉంటే పొడి బూజు పడుతుంది.

ఇక చాకిరీ. పొడికి పనికొచ్చేది పైన ఉండే పెచ్చు మాత్రమే, లోపలి గింజ కాదు. కరక్కాయను పచ్చడి బండతో కొడితే పెచ్చు ముక్కలుగా రాలుతుంది, గింజ మాత్రం రాయిలా మిగులుతుంది. తానికాయ ఇంకా మొండిది, సరిగ్గా తగలకపోతే వంటింట్లో ఈ మూల నుంచి ఆ మూలకు ఎగురుతుంది. మా ఆయన ఒకసారి తొంగిచూసి, "ఆ మిక్సీ పోతే మళ్లీ కొనేది నువ్వే" అని చెప్పి వెళ్లిపోయారు. పెచ్చుల్ని ముందు రోట్లో కచ్చాపచ్చాగా దంచి, ఆ తర్వాతే మిక్సీలో వేశాను. చివర్లో పల్చటి గుడ్డలో వస్త్రకాయితం పట్టాను. పైన మిగిలిన పీచును మళ్లీ దంచడం, మళ్లీ జల్లించడం. ఈ పని తొందరపడితే కాదు. పొడి గరుకుగా ఉంటే నాలుక మీద ఇసుకలా తగిలి, రెండో రోజుకే వాడబుద్ధి కాదు.

పాళ్ల దగ్గర ఒక తమాషా ఉంది. పాత లెక్కలో ఒక కరక్కాయ, రెండు తానికాయలు, నాలుగు ఉసిరికాయలు అంటారు. ఇది కాయల లెక్క, తూకం లెక్క కాదు. కరక్కాయ బరువు తానికాయకు రెట్టింపు, ఉసిరికాయకు నాలుగు రెట్లు అనుకుని చెప్పిన మాట. కాబట్టి తూకంలో చూస్తే మూడూ సమానమే. ఇప్పుడు మన ఆయుర్వేద ఫార్ములరీలో, అంటే మందుల తయారీ పద్ధతుల అధికారిక పుస్తకంలో, ఉన్నదీ గింజ తీసిన పెచ్చులు సమపాళ్లలోనే. ఇక నేను కొన్న పొడి డబ్బా మీద "సంప్రదాయ ప్రత్యేక పాళ్లు 1:2:4" అని పెద్ద అక్షరాలతో వేసి, కిందే గ్రాముల లెక్క ఇచ్చారు. అంటే కాయల లెక్కను తూకానికి తగిలించి, ఉసిరి పొడిని నాలుగింతలు చేసి, దానికి సంప్రదాయం అని పేరు పెట్టారన్నమాట. ఉసిరి ఎక్కువైతే కొంప మునగదు. కానీ కరక్కాయ వాటా అలా తగ్గిపోయాక, పొద్దున్నే జరగాల్సిన పని కూడా ఆ మేరకు తగ్గింది. నా కడుపు ఇచ్చిన సాక్ష్యం ఇదే.

రుచి గురించి అందరూ భయపెడతారు. నిజమే, వగరు ముందు నాలుకను పట్టేస్తుంది, ఆ వెనకే పులుపు, చివర్లో చేదు. ఉప్పు తప్ప మిగతా ఐదు రుచులూ కరక్కాయలోను, ఉసిరిలోను ఉన్నాయంటుంది ఆయుర్వేదం. తీపి ఎక్కడుందని మొదట్లో వెతుక్కోవాల్సిందే. ఇంట్లో దంచిన దానికి ఒక వాసన ఉంటుంది, ఎండు పండ్ల వాసనలా. డబ్బా పొడికి అట్టపెట్టె వాసన తప్ప ఇంకేమీ రాలేదు. దీనికి కారణం కనిపెట్టడం కష్టమేమీ కాదు. చూర్ణం రెండు నెలలు దాటితే బలం తగ్గుతుందని శార్ఙ్గధర సంహిత అనే మరో పాత ఆయుర్వేద గ్రంథం చెబుతుంది. డబ్బా మీద గడువు రెండేళ్లు. ఆ రెండేళ్లలో అది గోడౌన్లో ఎంతకాలం కూర్చుందో మనకు తెలిసే దారి లేదు. కాయ రూపంలో ఉన్నంతవరకు ఆ బెంగ తక్కువ, కావలసినప్పుడు కొద్దికొద్దిగా దంచుకోవచ్చు.

మాత్రల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. రుచి తగలదు, బ్యాగులో పడేసుకోవచ్చు. అంతవరకు సంతోషమే. కానీ లెక్క చూడండి. చూర్ణం మోతాదు మామూలుగా డబ్బాల మీద 3 నుంచి 6 గ్రాములని ఉంటుంది. ఈ సీసా మాత్ర 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండు వేసుకోమన్నారు. అంటే ఒక్క గ్రాము. మూడు గ్రాములు కావాలంటే ఆరు మాత్రలు మింగాలి. సారం తీసి చేసిన మాత్రలైతే ఈ లెక్క వేరు, కానీ సీసా మీద చూర్ణమనే రాసి ఉంది. ఒక మాత్రను గోరువెచ్చని నీళ్లలో వేసి వంటపని చేసుకున్నాను. అన్నం ఉడికింది, మాత్ర మాత్రం గుండులా అలాగే ఉంది. పైన తళతళలాడే పూత. కడుపులో ఎప్పుడు కరుగుతుందో, అసలు కరుగుతుందో లేదో!

ఇక వాడకం. రాత్రి భోజనం అయ్యాక కొంత వ్యవధి ఇచ్చి, పడుకునే ముందు చిన్న చెంచాడు పొడి గోరువెచ్చని నీళ్లతో. అంతే. మర్నాడు పొద్దున పని సాఫీగా అవుతుంది, మెలిపెట్టే నొప్పి ఉండదు. ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. మా ఆఫీసులో ఒకావిడ, "నా త్రిఫల అయితే తెల్లారేసరికి ఊడ్చేస్తుంది" అని మెచ్చుకుంటూ డబ్బా చేతిలో పెట్టారు. వెనక చిన్న అక్షరాల్లో సునాముఖి ఉంది. సునాముఖి పెద్దపేగును రెచ్చగొట్టి పనిచేయిస్తుంది, ఆరు నుంచి పన్నెండు గంటల్లో ఫలితం చూపిస్తుంది, కడుపులో నొప్పి కూడా దాని లక్షణమే. అవసరానికి ఒకటి రెండు రోజులు వాడే సరుకు అది, రోజూ చెంచాడు మింగేది కాదు. పేరు త్రిఫల అనో, కడుపు శుభ్రం చేసే చూర్ణమనో ఏదైనా ఉండనీ, వెనక మూడు కాయలకు మించి ఏమున్నాయో చూసి కొనండి.

ఇనుము సంగతి ఇంకోటి. పొడిని ఇనప గరిటెతో కలిపి చూడండి, కాసేపట్లో నీళ్లు సిరాలా నల్లబడతాయి. కాయల్లోని టానిన్లు, అంటే వగరునిచ్చే పదార్థాలు, ఇనుముతో కలిస్తే వచ్చే రంగు అది. శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టను కరక్కాయ రసంలో నానబెట్టి, ఇనుప తుప్పూ బెల్లమూ పులియబెట్టిన కసిమితో గీస్తే నల్లగీత పడేది దీనివల్లే. చరకుడు కొత్త ఇనప పాత్రకు త్రిఫల ముద్ద పూసి ఒక పగలూ రాత్రీ ఉంచమన్న రసాయన విధానమూ ఉంది. వీడియోల్లో దీన్ని "అసలు త్రిఫల కనిపెట్టే పరీక్ష" అంటున్నారు, అది ఒప్పుకోను. చిక్కటి టీ డికాక్షన్ కూడా ఇనుము తగిలితే నల్లబడుతుంది. పనికొచ్చే సంగతి ఇందులో వేరే ఉంది. రక్తం తక్కువై ఐరన్ మాత్రలు వాడేవాళ్లు ఈ పొడిని వాటితో కలిపి వేసుకోకూడదు, టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. పగలు మాత్ర, రాత్రి పొడి అని విడదీసుకోవాలి.

కాయల ప్యాకెట్ ఓడిపోయిన చోటు కూడా ఒకటుంది. పొడి డబ్బా మీద ఆయుర్వేద మందుల తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, మూడు కాయల వృక్షశాస్త్ర నామాలు, అన్నీ ఉన్నాయి. అడిగితే ఆ బ్యాచ్ పరీక్ష రిపోర్టు కూడా పంపించారు. మూలికల్లో సీసం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది), ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 దాటకూడదని పరిమితులున్నాయి, ఆ బ్యాచ్ వాటికి లోబడే ఉంది. కాయల ప్యాకెట్ మీద ప్యాక్ చేసిన నెల తప్ప ఇంకేమీ లేదు. రిపోర్టు అడిగితే, "మేడమ్, ఇది నేచురల్ అండీ, అడవిలోంచి వచ్చింది" అన్నాడు ఫోన్లో కుర్రాడు. అడవిలోంచి వచ్చిందంటే అది రిపోర్టు కాదు కదా బాబూ. దీనికి ఒక చుక్క తగ్గించి, ఐదుకు నాలుగు ఇస్తున్నాను.

ప్యాకెట్‌లో ఒక కరపత్రం కూడా పెట్టారు. షుగర్ పోతుంది, కళ్లజోడు ఊడుతుంది, నెరిసిన జుట్టు నల్లబడుతుంది. షుగర్ నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది, అయినా అచ్చు వేస్తూనే ఉన్నారు. మా మామయ్యగారు ఆ కాగితం చదివి, "అమ్మాయ్, నాకూ ఓ చెంచా ఇలా పడెయ్" అన్నారు. ఆయన షుగర్ మాత్రలు వేసుకుంటారు. డాక్టరుగారిని అడిగాకే ఇస్తానని చెప్పాను, కాస్త అలిగారు. గర్భిణులు, విరేచనాలు అవుతున్నవాళ్లు దీని జోలికి పోవద్దు. ఉన్నట్టుండి మొదలైన మలబద్ధకానికీ, రక్తం పడేదానికీ డాక్టరే దిక్కు, ఏ కాయా కాదు. త్రిఫల నీళ్లతో కళ్లు కడుక్కోమనే సలహా కూడా ఆ కరపత్రంలో ఉంది. వంటింట్లో వడగట్టిన నీళ్లలో సూక్ష్మక్రిములు ఉండవని ఎవరు హామీ ఇస్తారు? నేను కంట్లో పోసుకోను.

ఇంకొక మాట. నీళ్లు, కూరలు, వేళకు తిండి లేకుండా ఈ పొడి ఒక్కటే ఏమీ ఉద్ధరించదు. ఆయుర్వేదం కూడా ముందు జఠరాగ్ని గురించి, ఆకలేసినప్పుడే తినడం గురించి మాట్లాడి, తర్వాతే మందు దగ్గరికి వస్తుంది. ఆఫీసులో మధ్యాహ్న భోజనం ఒంటిగంటకే అని పట్టుబట్టడం మొదలుపెట్టాక ఈ పొడి అవసరం సగానికి తగ్గింది. ఇప్పుడు రోజూ కాదు, కావలసినప్పుడే వేసుకుంటున్నాను.

మిగిలిన కరక్కాయ పెచ్చులు కూడా వృథా పోవడం లేదు. కరక్కాయ ఒక్కదాన్నే రుతువును బట్టి వేర్వేరు అనుపానాలతో, అంటే మందుకు తోడుగా కలుపుకునే వాటితో, తీసుకునే పద్ధతి ఉంది: వానాకాలంలో సైంధవలవణం, శరత్తులో చక్కెర, హేమంతంలో శొంఠి, శిశిరంలో పిప్పళ్లు, వసంతంలో తేనె, గ్రీష్మంలో బెల్లం. నేను ప్రయత్నించినవాటిలో బెల్లంతో కలిపిందే గొంతు దిగింది. పిప్పళ్లతో కలిపింది మాత్రం, నిజం చెప్పాలంటే, మొక్కుబడిగా మింగాను.

పురుగు పట్టిన కాయల ఫొటోలు పంపితే ఆ దుకాణం వాళ్లు వాదించకుండా మారు సంచి పంపారు, అది మెచ్చుకోవాలి. ఈసారి వాళ్ల దగ్గరే గింజ తీసిన కరక్కాయ పెచ్చులు ఆర్డర్ పెట్టాను, పచ్చడి బండకు సగం పని తగ్గుతుంది. తానికాయ పెచ్చులు స్టాక్ లేవట, అవి మాత్రం మళ్లీ నేనే కొట్టుకోవాలి.