టేబుల్ పైబల్ల వంగకుండా ఏది మేలు: బ్రెడ్‌బోర్డ్ ఎండ్సా, కింద బద్దలా, ఇనప చానలా?

అక్క వాళ్ళింటికి చేసిన డైనింగ్ టేబుల్ ఫొటో ఎవరికి చూపించినా మొదటి ప్రశ్న ఒకటే, "బ్రెడ్‌బోర్డ్ ఎండ్స్ పెట్టలేదేంటి?" అని. రెండోది "పోనీ కింద చానలేసావా?" అని. ఒక్కొక్కళ్ళకీ వాట్సాప్‌లో విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, ఒక్కసారే రాసేస్తున్నా. బ్రెడ్‌బోర్డ్ ఎండ్ అంటే బల్ల చివర అడ్డంగా పెట్టే పలక, బద్దలంటే బల్ల అడుగున అడ్డంగా స్క్రూలతో బిగించే చెక్క కర్రలు, చానలంటే అదే పనికి వేసే ఇనప పట్టీ. అక్క టేబుల్‌కి నేను వేసింది బద్దలు.

చెక్క తేమని బట్టి గ్రెయిన్‌కి (పోగుకి) అడ్డంగా పెరుగుతుంది తరుగుతుంది, పొడుగున దాదాపు కదలదు, ఇది తెలిసిందే. ఎంత అనేది మాత్రం ఒకసారి గుర్తు చేసుకుందాం. మామూలు కోత టేకు పలకల్లో తేమ 1 శాతం మారితే వెడల్పు 0.18 శాతం దాకా మారుతుంది, అంటే 3 అడుగుల బల్లకి ఒక్కో శాతానికి ఒకటిన్నర మిల్లీమీటరు పైమాటే. క్వార్టర్ కోత (రింగులు పలక ముఖానికి నిలువుగా వచ్చే కోత) అయితే అందులో సగానికి కాస్త ఎక్కువ, కానీ మన సామిల్లులో మొత్తం బల్లకి సరిపడా క్వార్టర్ పలకలు ఏరుకోనిచ్చేదెవరు.

ముందు బ్రెడ్‌బోర్డ్. అందంలో దానికి పోటీ లేదు, నేనూ ఒప్పుకుంటా, బల్ల చివర గ్రెయిన్ కనపడకుండా అడ్డంగా ఓ పలక వచ్చి కూర్చుంటే ఆ టేబుల్ ముఖమే వేరు. మా ఇంట్లో టేబుల్‌కి అదే చేశా. బల్ల చివర కుసి (పలక గాడిలో దూరే నాలుక) తీసి, మధ్యలో నాలుగంగుళాలకే ఫెవికాల్ రాసి, చివర్ల చీలలకి పొడుగు రంధ్రాలు వదిలి, అన్నీ పద్ధతి ప్రకారమే. అయినా జూలై వచ్చేసరికి బల్ల అంచు బ్రెడ్‌బోర్డ్ కంటే బయటికి పొడుచుకొస్తుంది, మేలో అదే బ్రెడ్‌బోర్డ్ బయటికి తేలుతుంది, ఆ మూల మీద బొటనవేలు పెట్టి చూస్తే కేలండర్ చూడకుండా నెల చెప్పొచ్చు. అది తప్పు కాదు, దాని నైజమే అంత. నా బాధ వేరే. రెండో ఏడు ఆ బల్ల మధ్యలో కొంచెం గుంట పడింది, సరిచేద్దామంటే చీలలు కొట్టేయాలి, మధ్యలో అతుకు కోసేయాలి, అంటే టేబుల్ మళ్ళీ చేసుకోవడమే. అలాగే వదిలేశా, ఇప్పటికీ ఆ గుంటలో సాంబార్ గిన్నె కింద నీళ్ళు నిలబడతాయి.

నా మటుకు అసలు విషయం ఇక్కడే ఉంది. మనం కొనే చెక్క చాలావరకు కిల్న్‌లో (చెక్క ఆరబెట్టే వేడి గదిలో) ఆరింది కాదు, డిపోలో ఎన్నాళ్ళ నించి పడుందో అమ్మేవాడికే తెలీదు. మొదటి ఎండాకాలం, మొదటి వానాకాలం రెండూ దాటేదాకా ఆ బల్ల ఎటు పోతుందో మీకూ నాకూ తెలీదు. కాబట్టి ఏ పద్ధతి బల్లని ఎంత గట్టిగా పట్టుకుంటుంది అని అడిగే ముందు, ఏడాది తర్వాత స్క్రూడ్రైవర్‌తో విప్పగలనా అని అడుగుతా. ఆ ప్రశ్నకి అన్నిటికంటే హాయిగా ఔననేవి బద్దలే.

బద్దలంటే మేకులు కొట్టి ఫెవికాల్‌తో అతికించేసే రకం కాదు బాబూ, అలా చేస్తేనే బల్ల నిలువునా పగిలేది. ఫెవికాల్ చుక్క కూడా వద్దు. మధ్య స్క్రూకి మామూలు రంధ్రం, రెండు చివర్లా బద్ద పొడుగు వైపుకే సాగిన స్లాట్ (పొడుగు రంధ్రం), 6 మిల్లీమీటర్ల బిట్‌తో పక్కపక్కనే రెండు రంధ్రాలు వేసి మధ్యలోది ఉలితో తీసేస్తే చాలు. తల అడుగు చదునుగా ఉండే స్క్రూ, దాని కింద వాషర్ వేయండి. తల అడుగు ఏటవాలుగా ఉండే కౌంటర్‌సంక్ స్క్రూ వేస్తే స్లాట్‌లో ఇరుక్కుని కూర్చుంటుంది. బద్దని పడుకోబెట్టకుండా నిలబెట్టండి, ఎత్తు రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు అవుతుంది. బద్ద మాత్రం నూలు పట్టినట్టు ఉండాలి, వంకర బద్దకి బిగిస్తే బల్ల కూడా వంకరే. చివర్లు ఏటవాలుగా కోయకపోతే మోకాళ్ళకి తగిలి తిట్లు తింటారు.

అక్క టేబుల్ 6 అడుగులకి 3 అడుగులు, అంగుళం మందం టేకు, ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో అతికించా, వెడల్పు 914 మిల్లీమీటర్లు. ఆగస్టులో అక్క వాళ్ళింట్లో, కాకినాడలో టేపు పెడితే 919. పగుళ్ళు లేవు కానీ నా బుద్ధి గడ్డి తిన్న పని ఒకటుంది, కింద ఎవరు చూస్తారులే అని అడుగు వైపు ఒకే కోటు పాలిష్ కొట్టా, పైన నాలుగు. బద్దలు కూడా నాలుగడుగుల దూరంలో రెండే. అడుగు తేమ పీల్చి ఉబ్బింది, రెండు బద్దల మధ్య అంచులు పైకి లేచాయి, స్కేలు అడ్డంగా పెడితే మధ్యలో రెండు ఏటీఎం కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టి దూర్చేంత సందు. స్క్రూలు విప్పి చూస్తే చివరి స్లాట్లలో వాషర్ జరిగిన చోట సన్నటి మెరుపు గీత, అంటే కదలాల్సిన చోట కదిలింది. బల్లని ఫ్యాన్ కింద పదిరోజులు బోర్లా పడేసి, అది సర్దుకున్నాక అడుక్కి మూడు కోట్లు కొట్టి, మధ్యలో మూడో బద్ద వేశా. ఇదే పని మా ఇంటి బ్రెడ్‌బోర్డ్ టేబుల్‌కి చేయలేకపోయా.

చానల్ సంగతి. బల్ల అడుగున గాడి తీసి అందులో ఇనప సి చానల్ (సి అక్షరంలా వంగిన పట్టీ) దించి స్లాట్ల ద్వారా స్క్రూలు వేస్తారు. విప్పుకోవచ్చు, మోకాళ్ళకి తగలదు, సన్న బల్లకి బద్ద ఎత్తు కుదరనప్పుడు ఇదే దిక్కు, అందుకే దీనికి నా రెండో ఓటు. గాడి చానల్ కంటే పొడుగ్గా ఉండాలి, లేకపోతే బల్ల తరిగినప్పుడు ఇనుము అంచుని తోసేస్తుంది. ఫాబ్రికేషన్ షాపులో వెల్డింగ్ పని ఏదైనా చేయిస్తే తెచ్చుకునే ముందు నిటారుగా ఉందో లేదో కన్నుపెట్టి చూసుకోండి, వేడికి వంగుతుంది. రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే రంగు) కొట్టకుండా మాత్రం దించొద్దు, నల్లమద్ది, తుమ్మ లాంటి వాటికి తడి ఇనుము తగిలిందంటే సిరా పోసినట్టు నల్లబడుతుంది.

డవ్‌టెయిల్ గాడిలో (లోపల వెడల్పుగా, నోరు సన్నగా ఉండే గాడి) జారే బద్ద చూడ్డానికి గొప్పగా ఉంటుంది, వానాకాలంలో దూర్చితే సగంలో ఇరుక్కుంటుంది, ఎండాకాలంలో దూర్చింది వదులైపోకూడదంటే చేయి తిరిగినవాడు కావాలి. నాకంత చేయి తిరగలేదు.

పలకల చివర కనపడే రింగులు ఒకటి పైకి ఒకటి కిందకి తిప్పి అతికిస్తే వంగదంటారు, వంగుతుంది, ఒక పెద్ద విల్లు బదులు రేకుల షెడ్డులా చిన్నచిన్న అలలు వస్తాయి. నేనైతే ఏ ముఖం బాగుంటే అది పైకి పెడతా.

టేబుల్‌కి కాళ్ళ మధ్య నాలుగు వైపులా ఫ్రేమ్ ఉంటే అడ్డ ఫ్రేమే బద్ద పని చేస్తుంది, జెడ్ క్లిప్పులతో (జెడ్ ఆకారపు ఇనప పట్టీలతో) బిగించుకుంటే సరి, మళ్ళీ వేరే ఏర్పాటు దండగ. అక్క టేబుల్‌కి ఫ్రేమ్ లేదు కాబట్టే బద్దలు. "కింద ఆ కర్రలేంట్రా, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు" అంది అక్క మొదట్లో. పెద్దవాళ్ళెవరూ చూడలేదు, వాళ్ళ చిన్నోడు మాత్రం చూశాడు, మూడో బద్ద వేయడానికి బల్ల తిప్పితే మొదటి బద్ద పక్కన నాలుగు చూయింగ్ గమ్‌లు వరసగా అంటించున్నాయి.